పదకొండో గుడ్డు

రాజరత్నం తన వ్యాసం ముగించి రెండు వారాలయింది. ఆదివారం నంద్యాలలో ఉపాధ్యాయ సంఘం జరిపే సదస్సులో దాన్ని చదవాలి. మొత్తం పద్నాలుగు పేజీలు. సారం ఒక్క వాక్యం: ప్రైవేటు బడి అనేదే ఉండకూడదు. చట్టం చేసి వాటిని మూసెయ్యాలి. కలెక్టరు కూతురూ కలుపు తీసే మనిషి కూతురూ పైసా కట్టకుండా ఒకే బల్ల మీద కూర్చోవాలి. చదువు ఎక్కడ బాగుంటుంది అన్నది ఆయన దృష్టిలో రెండో ప్రశ్న. పక్కపక్కన కూర్చోకుండా పెరిగిన పిల్లల్లో, పెద్దయ్యాక, ఒకరి కష్టం మరొకరికి వార్తగానే అందుతుంది. వార్తను ఎవరైనా మడిచి పక్కన పెట్టగలరు. ఇది మొదటి మాట. ఈ మాట దగ్గరికి చేరడానికి ఆయనకు ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగం పట్టింది.

ఆయన ఉండేది నంద్యాలలో. పనిచేసేది ఆళ్లగడ్డలో, కోయిలకుంట్ల రోడ్డు పక్కనున్న ఒక కాలనీ ప్రాథమిక పాఠశాలలో. పొద్దున బస్సులో గంట, సాయంత్రం బస్సులో గంట. తత్త్వశాస్త్రం ఆయన చదివిందంతా ఆ రెండు గంటల్లోనే. ఆ దారిలో తిరిగే కండక్టర్లు టికెట్టు చేతికివ్వకుండా తెరిచిన పుస్తకంలోనే పెట్టి వెళ్లేవారు.

బడి అంటే రెండు గదులు, ఒక వరండా, ఒక రేకుల వంటగది. ప్రధానోపాధ్యాయుడు ఆయన. సహోపాధ్యాయురాలు షాలిని, కోయిలకుంట్ల నుంచి ఆటోలో వచ్చే అమ్మాయి, ఇది ఆమె మొదటి ఉద్యోగం. వంటకు మరియమ్మ. పిల్లలు ఇరవై ఒక్కమంది.

ఈ ఇరవై ఒకటి అన్న సంఖ్య గురించి కొంచెం చెప్పాలి. బడికి వచ్చేది పదిమంది. మిగిలిన పదకొండుమంది వెనక వీధిలో షంషాద్ టీచరు మిద్దె మీద చదువుకుంటారు. షంషాద్ బడికి గుర్తింపు లేదు. గుర్తింపు లేని బడిలో పిల్లలుంటారు కానీ ప్రభుత్వం కంటికి వాళ్లు ఆనరు; వాళ్ల పేర్లు ఎక్కడో ఒకచోట, ఏదో ఒక బడి చిట్టాలో ఉండాలి. నాలుగేళ్ల కిందట ఆమె వచ్చి, తన దగ్గర మూడో తరగతి లోపు పిల్లల్లో కొందరి పేర్లు రాసుకొమ్మని అడిగింది. ఆ ఏడాదే రాజరత్నానికీ పేర్లు కావలసివచ్చాయి. పిల్లలు ఇరవై దాటితే ఇద్దరు ఉపాధ్యాయులు. ఇరవై దాటకపోతే ఒక్కరే. ఐదు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కడు చేసేది పాఠం కాదు, కాపలా. ఇద్దరి మధ్యా ఒప్పందం అన్న మాట ఎవరూ వాడలేదు. పేర్లు ఇక్కడ, పిల్లలు అక్కడ. అంతే.

హాజరు వేసేది ఫోనులో. పేరు పక్కనున్న గడిని తాకితే పచ్చబడుతుంది. ఎన్ని పేర్లు పచ్చబడితే మధ్యాహ్నం అన్ని గుడ్లు. మొదటి వారంలోనే మరియమ్మ వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది.

"పదకొండు మిగుల్తాండాయి సార్. ఏం జెయ్యాల వీటిని?"

తినడానికి మనసొప్పదు, పారేయడానికి అంతకంటే ఒప్పదు. రాజరత్నం కాసేపు ఆలోచించి, "ఎవరి పేరున వచ్చినాయో వాళ్లకే పంపు" అన్నాడు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం మరియమ్మ ఒక స్టీలు క్యానులో పదకొండు గుడ్లు పెట్టుకుని వెనక వీధి మిద్దెకు ఇచ్చి వస్తోంది.

ఈ ఏర్పాటును ఆయన పరీక్షించుకోకుండా ఏమీ లేడు. అబద్ధం తప్పు ఎందుకయింది, ఎవరో ఒకరు దానివల్ల నష్టపోతారు గనక. ఇక్కడ నష్టపోయినవాడెవడు? పిల్లలకు చదువు అందుతోంది, గుడ్డు అందుతోంది. ఈ పదిమందికి రెండో టీచరు అందుతోంది. ప్రభుత్వానికి అంకె అందుతోంది. బాధితుడి కోసం ఆయన నాలుగేళ్లు వెతికాడు, నిజాయితీగానే వెతికాడు. కాకపోతే వెతికింది బస్సులో కూర్చుని.

సదస్సుకు రెండు రోజుల ముందు, ఆగస్టు నెల నాలుగో శుక్రవారం, మధ్యాహ్నం అన్నం గంటకు కొంచెం ముందు, ఒక ముసలాయన బడి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. భుజాన సంచి, నూనె మరకలు పోని వేళ్లు. ఆయన వెనక, ఆయన లాల్చీ అంచు పట్టుకుని, ఏడేళ్ల పిల్ల.

"పెద్ద సారు ఎవరు?"

"నేనే. చెప్పు పెద్దాయనా."

"నా పేరు ఖాజా పీర్. పగిడ్యాలలో స్టవ్వులు రిపేరు చేస్తా. మీ బడిలో ఆర్షియా అని ఒక పిల్ల ఉందంట. రెండో తరగతి. నాయన పేరు రియాజ్."

"ఉంది" అన్నాడు రాజరత్నం. పేరు పదకొండులోది. నోరు అలవాటుగా జవాబిచ్చింది.

"ఈ పొద్దు వచ్చిందా?"

పొద్దున తొమ్మిదిన్నరకే ఆ పేరు పచ్చబడింది. "వచ్చింది."

"అట్లనా. ఒక్కసారి పిలిపీ సార్. చూసి పోతాం."

పక్క గదిలో బోర్డు మీద సుద్దముక్క చప్పుడు ఆగింది.

ముసలాయన వెనకనున్న పిల్లను ముందుకు లాగాడు. "ఇది నా మనవరాలు, కూతురి బిడ్డ. దీని పేరు గూడా ఆర్షియానే. దీని నాయన పేరు గూడా రియాజే. ఆధార్ నంబరు గూడా ఒగటేనంట. మా ఊరి బడిలో మేష్టరు కంప్యూటర్‌లో చూసి చెప్పినాడు. ఈ పిల్లను నేను రాసుకునేకి లేదు ఖాజా, ఇది ఆళ్లగడ్డలో ఉండాది, దినామూ బడికి పోతాందీ, ఒక్క నాగా గూడా లేదు అన్నాడు. అంత బుద్ధిగా పోయే పిల్లను మేము గూడా ఒకసారి చూస్తామని తెల్లారకముందే బస్సెక్కితిమి. మూడు బస్సులు మారినాం. జుమ్మా నమాజు గూడా పాయె."

మాటల్లో కోపం లేదు. నిజంగానే చూడడానికి వచ్చిన మనిషిలా ఆయన గదిలోకి, వరండాలోకి తొంగి చూశాడు. రాజరత్నం పిల్లను చూశాడు. నూనె రాసి గట్టిగా అల్లిన రెండు జడలు, ఎడమ చెప్పుకు పిన్నీసు. తన బడిలో రెండో ఏడు చదువుతున్న ఈ పిల్లను ఆయన చూడటం ఇదే మొదటిసారి. ఈ రోజు హాజరు మాత్రం నిజమే అన్న ఆలోచన అనుకోకుండా వచ్చింది. దానికి ఆయన సిగ్గుపడ్డాడు.

సంగతి ఇది. బక్రీద్ ముందు రియాజ్ ఆటో తిరగబడి కాలు విరిగింది. పండగకు భార్య పుట్టింటికి పగిడ్యాల పోయినవాళ్లు మళ్లీ రాలేదు. ఆటో అమ్మేశారు, ఇల్లు ఖాళీ చేశారు. షంషాద్ మిద్దె మీద ఆర్షియా కూర్చునే చాప జూన్ నుంచి ఖాళీ. ఇక్కడ ఆ పేరు జూన్ నుంచి రోజూ పచ్చబడుతూనే ఉంది.

"ఆ మేష్టరు మంచోడే" అన్నాడు ఖాజా పీర్. "వచ్చి కూర్చోమన్నాడు. కూర్చునింది. పేర్లు పిలుస్తాడు గదా, దీని పేరు రాదు. పుస్తకాలు ఇచ్చినారు, దీనికి లేవు. గుడ్లు పంచేటప్పుడు చెయ్యి చాపిందంట. లెక్కకు మించి ఆయన మాత్రం యాడ తెస్తాడు? రెండు దినాలు చాపింది. మూడో దినం నుంచి నేను పోను అంటాంది. రెండు నెలలాయె. నాతో సైకిల్ మీద తిరుగుతాంది, స్టవ్వులు ఎత్తిస్తాంది. ఆ పేరు ఇడిసిపెట్టండి సార్. ఆయన రాసుకుంటాడు."

పేరు విడిచిపెట్టడం ఫోనులో రెండు నిమిషాల పని. విడిచిపెడితే ఇరవై ఒకటి ఇరవై అవుతుంది. ఈ ఏడాది ఏ బడికి ఎందరు ఉపాధ్యాయులన్నది నెలాఖరు నాటి సంఖ్యను బట్టి తేలుస్తారు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ షాలినికి ఇదంతా తెలుసు. ఆమె చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

"పెద్దాయనా, ఒకటో తారీకు చేస్తా" అన్నాడు రాజరత్నం. "తొమ్మిది దినాలు ఆగు. మళ్లీ రానక్కర్లేదు. ఈడి నుంచే చేస్తా."

"తొమ్మిది దినాలకు ఏం మారుతాది సార్? ముహూర్తం ఏమన్నా చూస్తాండారా?"

"ఆఫీసు లెక్క ఉంది."

ఖాజా పీర్ ఆయన ముఖంలోకి చూశాడు. స్టవ్వు బాగయ్యేదా కాదా అని చూసే చూపు. "సరే. మీరు పెద్దోళ్లు. రెండు నెలలు ఆగినోళ్లం" అన్నాడు. ఆ మాటను ఎత్తిపొడుపు అనుకోవాలో ఒప్పుకోలు అనుకోవాలో తెలియలేదు.

అప్పటికి మరియమ్మ క్యాను పట్టుకుని వెనక వీధికి బయలుదేరుతోంది. పిల్లను చూసి ఆగింది.

"ఎవరు పాపా నువ్వు?"

"ఆర్షియా."

"మన పదకొండులో ఆర్షియానా?" అంది మరియమ్మ, రాజరత్నం వైపు తిరిగి. ఆయన తల ఊపాడు. ఆమె పిల్లను వరుసలో కూర్చోబెట్టి, ప్లేటులో అన్నం పెట్టి, క్యాను మూత తీసి, అందులోంచి ఒక గుడ్డు ప్లేటులో పెట్టింది. పిల్ల చెయ్యి చాపలేదు. అది తనదేనా అన్నట్టు ముందు తాతను చూసింది.

తిన్నాక తాతా మనవరాలూ పాత టీచరును పలకరించి వస్తామని షంషాద్ ఇంటికి వెళ్లారు.

నాలుగు గంటలకు బడి వదిలాక షాలిని సంచి సర్దుకుంటూ అంది, "తొమ్మిది రోజులే గదా సార్. ఆ పాపకు పుస్తకాలు మనమే కొనిచ్చి పంపుదాం. బడి రెండు నెలలు పోయింది, ఇంకో వారంలో ఏమయితాది." సంచి భుజాన వేసుకుని, "మా అమ్మకు మొన్ననే ఆపరేషన్ అయింది. ఇప్పుడు నన్ను యాడికో ఏస్తే..." అని, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆమె అన్నదాంట్లో అన్యాయం ఏమీ ఆయనకు కనిపించలేదు. నాలుగేళ్లుగా తాను అంటున్నదే ఆమె అంది.

ఆయన బస్సు నాలుగున్నరకు. రోజూ ఈ వేళకు రోడ్డు వైపు నడిచేవాడు. ఈ రోజు వెనక వీధి వైపు నడిచాడు.

షంషాద్ మిద్దెకు బయటి నుంచి మెట్లున్నాయి. ఆ మెట్ల మీద ఏడుగురు పిల్లలు మెట్టుకొకరు చొప్పున కూర్చుని ఉన్నారు. ఒళ్లో పలకలు, పుస్తకాలు. పది నిమిషాల కిందట తన బడి గేటు దాటిన పిల్లలే. ఆయనను చూసి అందరూ లేచారు.

"ఈడేం జేస్తాండారు?"

"మేము దినామూ ఈడే సార్" అంది పైమెట్టు మీది పిల్ల. పేరు సిరి, నాలుగో తరగతి. చెప్పనక్కర్లేని సంగతి చెప్పవలసి వచ్చినందుకు ఆశ్చర్యపోతున్నట్టు చెప్పింది.

పైన ఒక పెద్ద గది, చాపల మీద ముప్ఫైమంది పిల్లలు ఎక్కాలు రాస్తున్నారు. కుర్చీలో షంషాద్, చిన్న బల్ల మీద కాళ్లు చాపుకుని. గోడవార ఖాజా పీర్ చాయ్ తాగుతున్నాడు. ఆర్షియా తన పాత చోటు వెతుక్కుని కూర్చుంది.

"రాండి సార్, రాండి" అంది షంషాద్. "నాలుగేండ్లకు మా మెట్లెక్కినారు. మూయించనీకె వచ్చినారా?"

"ఏం మూయించడం?"

"రాసినారంట గదా, మా అసుమంటి బళ్లకంతా తాళమెయ్యాలని. మీ షాలిని టీచర్ చెప్పింది. మంచిదే. బేగా వేయించండి. నా మోకాళ్లు గూడా పోయినాయి."

రాజరత్నం కూర్చోలేదు. "ఈ పాప ఊరిడిసిపోయిందని నాకు ఒక్క మాట చెప్పొచ్చు గదా టీచరమ్మా?"

"మీరు అడిగితిరా?" అంది ఆమె. "జూన్‌లో బడి తెరిచినారు, పదకొండు గుడ్లు వచ్చినాయి. పిల్ల లేదని సారుకు తెల్సు, పేరు మాత్రం నిలబెట్టుకుంటాండారులే అనుకుంటి. మీకు ఏదో అవసరముంటాది, మధ్యలో నేనెందుకు నోరు తెరవాలనుకుంటి."

"మరి ఆ పదకొండో గుడ్డు?"

"నేనే తింటాంటి సార్. అబద్ధమెందుకు."

ఖాజా పీర్ చాయ్ ఒలికేటట్టు నవ్వాడు. "నా మనవరాలి గుడ్డు రెండు నెలలు తిని గూడా మోకాళ్లు నొప్పులేనా ఆపా? నన్ను తిననిచ్చింటే ఈ పాటికి సైకిల్ మీద వచ్చింటి."

షంషాద్ కూడా నవ్వింది. రాజరత్నానికి నవ్వు రాలేదు. రాకూడదని కాదు, ఆయన మనసు మెట్ల దగ్గర ఉంది.

"మా పిల్లోళ్లు మెట్ల మీద ఎందుకున్నారు?"

"మరి యాడుండాల? మీరు నాలుగున్నరకు బస్సెక్కుతారు. కలుపుకు పోయిన వాళ్లమ్మలు ఇల్లు చేరేసరికి ఆరున్నర. అంతదాకా ఈదుల్లో తిరగాల్నా?" షంషాద్ మోకాలు సర్దుకుంది. "నా దగ్గరికి ఇంగ్లీషుకు పంపుతారనుకున్నారా సార్? నాకు ఎంతొచ్చు ఇంగ్లీషు? పొద్దున ఎనిమిదికి పిల్లను తీసుకుంటా, సందకాడ ఆరున్నరకు తల్లి చేతికిస్తా. దానికి ఇస్తారు నాకు దుడ్లు. ఇయ్యలేనోళ్లు పిల్లల్ని మీ బడికి పంపుతారు, నాలుగు దాటినాక నా మెట్ల మీదికి పంపుతారు. వాళ్ల కాడ ఏం తీసుకోను."

"లోపల కూర్చోబెట్టొచ్చు గదా?"

"ఇచ్చేటోళ్లు ఊరకుంటారా? మేమిచ్చి, వాళ్లియ్యక, ఇద్దరూ ఒకే చాప మీదనా అంటారు. ఒకసారి అన్నారు గూడా. మెట్ల మీదైతే ఎవరూ ఏమనరు. లోపల నేను గట్టిగా చెప్తా, బయట వాళ్లకు ఇనపడతాది."

పద్నాలుగు పేజీల వ్యాసంలో ఆయన చెప్పదలచుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. ఒక తేడా ఉంది. ఆయన దానికి కారణం ఎక్కడో పైన, చట్టంలో, డబ్బున్నవాళ్లలో చూశాడు. ఇక్కడ కారణం నాలుగు గంటలకు మోగే గంట. దాన్ని మోగించేది ఆయనే.

"పదండి పెద్దాయనా" అన్నాడు. "నంద్యాల దాకా ఒకే బస్సు."

బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది, ఆమె పక్కన రాజరత్నం, నడవ అవతల ఖాజా పీర్. టికెట్టు తెచ్చిన కండక్టర్ పుస్తకం కోసం చూసి, లేకపోయేసరికి చేతికే ఇచ్చాడు. ఆళ్లగడ్డ దాటాక ఇరుపక్కలా వరి నాట్లు. రాజరత్నం ఒక తక్కెడ ఊహించుకున్నాడు. ఒకవైపు తొమ్మిది రోజులు, అది కూడా ఇప్పటికే రెండు నెలలు పోయిన పిల్లకు. ఇంకోవైపు పదిమందికి ఏడాది పొడవునా ఒక టీచరు, ఒక అమ్మాయి ఉద్యోగం, ఆమె తల్లి. ఎట్లా చూసినా బరువు ఆ రెండోవైపే మొగ్గింది. లెక్క సరిగ్గానే ఉంది. లెక్క సరిగ్గా ఉండటమే ఆయనను కలవరపెట్టింది. నాలుగేళ్లుగా అది ఎప్పుడూ సరిగ్గానే ఉంది.

శిరివెళ్ల దాటాక పిల్ల మాట్లాడింది.

"సార్."

"ఏమ్మా?"

"మీ బడిలో ఉండే ఆర్షియా బాగా సదువుతాదా?"

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అయింది. తాత చెప్పిన మాటలను ఆ పిల్ల ఉన్నదున్నట్టు నమ్మింది. తన పేరుతో, తన నాయన పేరుతో ఆళ్లగడ్డలో ఇంకో పిల్ల ఉంది. రోజూ బడికి పోతుంది. ఆ పిల్ల అక్కడ ఉన్నందువల్లే తనకు ఇక్కడ చోటు లేదు. ఈ రోజు ఆ పిల్ల కనిపించలేదు, అయినా ఉందనే అనుకుంటోంది. అడిగిన గొంతులో ఫిర్యాదు లేదు. కొంచెం అసూయ ఉందేమో.

"అట్లాంటి పిల్ల ఎవరూ లేరమ్మా" అన్నాడు.

"తాత ఉందన్నాడే. దినామూ వస్తాదంట."

"నేను తప్పు రాసినాను."

పిల్ల ఆయనను కొంచెంసేపు చూసి, "కొట్టేయండి మల్ల" అంది.

రాజరత్నం ఫోను తీశాడు. సంకేతపదం కొట్టాడు. రెండో తరగతి, ఆర్షియా, తండ్రి రియాజ్. విడిచిపెట్టడానికి కారణం ఎంచుకొమ్మంది. కారణాల వరుసలో 'వలస' ఉంది, 'ఇతరములు' ఉంది. వలస అని తాకాడు. నాలుగంకెల సంఖ్య వచ్చింది, కొట్టాడు. తెర ఒకసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. మొత్తం విద్యార్థులు ఇరవై.

నడవ అవతలికి వంగి చెప్పాడు. "పెద్దాయనా, అయిపోయింది. సోమవారం పోతే మీ మేష్టరు రాసుకుంటాడు."

"అయిపోయిందా?" అన్నాడు ఖాజా పీర్. "ఇంతేనా?"

"ఇంతే."

ముసలాయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాత, "కొన్ని స్టవ్వులు గూడా ఇంతే సార్. ఒక్క పిన్ను గుచ్చితే ఎలుగుతాయి. దానికి ఊరు ఊరంతా తిప్పుతారు" అన్నాడు.

నంద్యాల బస్టాండులో వాళ్లను నందికొట్కూరు బస్సెక్కించి, ఆయన ఇంటికి పోయాడు. షాలినికి ఫోను చేసి చెప్పాడు. ఆమె "సరే సార్" అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున భార్య సరోజమ్మ చర్చికి తయారవుతూ, "ఆరాధన మానుకొని పోతాండారు. ఆడ గూడా ప్రసంగమే గదా?" అంది.

"ఆడ అన్నం పెడ్తారు" అన్నాడు రాజరత్నం. చాలా రోజుల తర్వాత ఆయన వేసిన చిన్న పరిహాసం అది. ఆమె నవ్వకుండానే బైబిలు సంచిలో పెట్టుకుంది.

సదస్సులో ఆయన వంతు భోజనానికి ముందు వచ్చింది. వ్యాసం చదివాడు. ఒక్క వాక్యం కూడా తీసెయ్యలేదు. అందులోని ప్రతి మాటనూ ఇప్పటికీ నమ్ముతున్నాడు. కాని మొదలుపెట్టే ముందు కాగితంలో లేని రెండు మాటలు చెప్పాడు. "నా బడి చిట్టాలో ఇరవైమంది పిల్లలున్నారు. వచ్చేది పదిమంది. మిగిలిన పదిమంది నేను మూసెయ్యాలని చెప్పబోయే బడిలో ఉన్నారు. ఇది తెలుసుకుని వినండి."

హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి. వేదిక మీదున్న సంఘం కార్యదర్శి అజయ్ కుమార్ మైకు దగ్గరికి వంగి, "సారు ఉదాహరణకు చెప్తున్నారు" అన్నాడు.

"ఉదాహరణ కాదు" అన్నాడు రాజరత్నం, చదవడం మొదలుపెట్టాడు.

అన్నం వరుసలో అజయ్ కుమార్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఏందన్నా నువ్వు? నీ ఒక్కని బడేనా అట్లుండేది? అందరినీ నడిబజార్లో నిలబెడ్తివి."

"నేను నా బడి గురించే చెప్పినా అప్పా."

"అదే చెప్తాండా. నీ బడి గురించి చెప్తే అందరి బడి గురించి చెప్పినట్టే." ప్లేటు చాపి పప్పు వేయించుకుని, కాస్త గొంతు తగ్గించి, "వ్యాసం బాగుంది. ముందర చెప్పింది లేకపోతే ఇంకా బాగుండు" అన్నాడు.

సోమవారం పొద్దున హాజరు తెరిచాడు. ఆర్షియా పేరున్న చోట ఖాళీ ఉంటుందని ఎందుకో అనుకున్నాడు. ఖాళీ లేదు. కింది పేర్లు ఒక్కో వరుస పైకి జరిగాయి. నాలుగేళ్లలో మొదటిసారి పేర్లను పైకి చదివాడు. పలికిన పదింటిని తాకి పచ్చబరిచి, పలకని పదింటిని తాకకుండా వదిలేశాడు. షాలిని తన తరగతిని వరండాలోకి తీసుకుపోయి పాఠం చెబుతోంది. పొద్దున వచ్చి నమస్కారం పెట్టింది. అంతకు మించి మాట్లాడలేదు. ఆమెను పంపే ఉత్తర్వు ఈ నెల కాకపోతే వచ్చే నెల వస్తుంది. అది వచ్చేదాకా ఆమె పాఠంలో ఒక్క నిమిషం తగ్గదని ఆయనకు తెలుసు. తెలియకపోతే కొంచెం తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నం మరియమ్మ ఖాళీ క్యాను పట్టుకుని వచ్చింది.

"పదే లెక్క వచ్చింది సార్. మిద్దె మీదికి?"

"లేవు."

"మిద్దె మీది పిల్లోళ్లు ఏం జేసినారు సార్?"

అబద్ధం ఆపిన మొదటి రోజు పదిమంది పిల్లలకు గుడ్డు పోయింది. ఈసారి బాధితుల కోసం వెతకవలసిన పని కూడా లేదు. వెనక వీధిలో ఉన్నారు. "వాళ్లు ఈడికి వస్తే పెడదాం" అన్నాడు చివరికి.

"ఎట్లొస్తారు? నాలుగింటికి తాళమేస్తిరి గదా మీరు" అంది మరియమ్మ, పెద్దగా ఆలోచించకుండానే, క్యాను బోర్లించి.

నాలుగయింది. గంట కొట్టవలసింది ఆయనే. కొట్టలేదు. పిల్లలు గోడ గడియారాన్ని, ఆయనను మార్చి మార్చి చూశారు.

"ఇండ్లలో ఎవరన్నా ఉండేటోళ్లు పోండి" అన్నాడు. "లేనోళ్లు ఆరున్నర దాకా ఈడే ఉండొచ్చు. నేనుంటా."

ముగ్గురు ఇళ్లకు పోయారు. మిగిలిన ఏడుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సార్ ఏదో పరీక్ష పెడుతున్నాడన్న అనుమానం వాళ్ల కళ్లలో ఉంది. తర్వాత సిరి సంచి తగిలించుకుని లేచింది. ఆమె వెనక మిగిలినవాళ్లూ లేచి, రోజూ పోయినట్టే, వరుసగా వెనక వీధి వైపు నడిచారు. నాలుగేళ్ల అలవాటు ఒక సాయంత్రపు మాటతో పోదు. గదిలో ఖాళీ బల్లలు, ఆయన మిగిలారు. రోడ్డు మీద నంద్యాల బస్సు రెండుసార్లు హారను కొట్టి, ఆయన కోసం ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, పోయింది.

రాజరత్నం తలుపులు దగ్గరికి వేశాడు, తాళం వెయ్యలేదు. వెనక వీధికి వెళ్లాడు. మెట్ల మీద ఏడుగురూ కూర్చుని ఉన్నారు. పైనుంచి షంషాద్ గొంతు వినిపిస్తోంది, ఏడో ఎక్కం. పిల్లలు పెదవులతో మాత్రం పలుకుతున్నారు. బయటివాళ్లు గొంతెత్తకూడదన్నది ఆ మెట్ల నియమంలా ఉంది.

పిల్లలు లేవబోయారు. కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, ఆయన వాళ్ల పక్కగా ఎక్కి, నాలుగో మెట్టు ఖాళీగా కనిపిస్తే దాని మీద కూర్చున్నాడు.

"సార్, బస్సు పోయింది" అన్నాడు ఒక పిల్లవాడు.

"పోనీ. ఏడుకు ఇంకోటి ఉంది."

ఇంకాసేపటికి పైమెట్టు నుంచి సిరి వంగి చూసింది. మొహమాటపడుతూనే చెప్పింది.

"సార్, అది లక్ష్మన్న చెల్లెలి మెట్టు. ఇంటికి పోయింది, వాళ్లవ్వకు బువ్వ పెట్టి ఇప్పుడొస్తాది. మీరు కిందికి జరగాల."

ఆయన లేచి, దులుపుకుని, అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చున్నాడు. అక్కడికి ఎక్కం సరిగ్గా వినపడలేదు. చెవి ఒగ్గి విన్నాడు.